షెడ్డులో పాత జీపు ఉందా? పాత ఇనుముకి ఇచ్చే ముందు ఈ నంబర్ చూడండి.. అసలు చరిత్ర అక్కడే!

మంగంపేట: గనులున్న ఊళ్లలో జీపు కొత్త వస్తువేం కాదు. రోడ్డు లేని చోటికి కూడా వెళ్లాలి, గుంతల్లో దిగాలి, మళ్లీ ఎక్కాలి. అందుకే ఒకప్పుడు కాంట్రాక్టర్ల దగ్గర, మిల్లుల దగ్గర, ప్రభుత్వ ఆఫీసుల్లో జీపులే తిరిగేవి. ఆ తర్వాత బొలెరోలు వచ్చాయి, స్కార్పియోలు వచ్చాయి. పాత జీపులు మిల్లు వెనక్కో, చింతచెట్టు కిందికో చేరాయి. టైర్లు భూమిలో దిగబడి, బానెట్ మీద కోళ్లు నిద్రపోతూ కనిపిస్తాయి.

అలాంటి బండి కనిపించగానే పాత ఇనుము వాళ్లు కేజీ లెక్కన రేటు చెబుతారు. ఇంట్లో వాళ్లకు కూడా చోటు ఖాళీ అవుతుందని ఆశ. కానీ ఆ బండి ఏ సంవత్సరానిది? ఎక్కడ తయారైంది? మొదట ఏ ఇంజిన్‌తో వచ్చింది? ఎవరెవరి చేతులు మారింది? ఇవి తెలియకుండా అమ్మితే, ఏం అమ్మామో కూడా తెలియకుండా అమ్మినట్టే.

ఇంకో రకం వాళ్లూ ఉన్నారు. తాత జీపు కదా అని ప్రేమతో నేరుగా మెకానిక్ షెడ్డుకి తోలిస్తారు. వెల్డింగ్, టింకరింగ్, కొత్త పెయింట్.. నెల రోజుల్లో బండి పెళ్లికొడుకులా తయారవుతుంది. కానీ ఆ మెరుపు కిందే దాని ఆనవాళ్లు పోతాయి. పాత బండి విషయంలో గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. ముందు చదవాలి, తర్వాతే బాగుచేయాలి. ఎలా చదవాలో చూద్దాం.

ముగ్గురాయికీ, మోటారు బండికీ సంబంధం ఏంటి?

ఉమ్మడి కడప జిల్లా ఓబులవారిపల్లె మండలంలోని మంగంపేట పేరు చెప్పగానే గుర్తొచ్చేది ముగ్గురాయి, అంటే బైరైటీస్. ఒకే చోట ఇంత నిక్షేపం ప్రపంచంలో మరెక్కడా లేదని దీనికి పేరు. గనులు రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీఎండీసీ చేతిలో ఉన్నాయి. ఈ రాయి చూడటానికి మామూలుగా ఉన్నా చేతిలోకి తీసుకుంటే బరువు తెలుస్తుంది. నీటికంటే నాలుగు రెట్లకు పైగా బరువు. అందుకే చమురు బావులు తవ్వేటప్పుడు పోసే మడ్డిలో దీని పొడి కలుపుతారు.

చాలామందికి తెలియని వాడకం ఇంకోటి ఉంది. ముగ్గురాయి పొడిని పెయింట్లలో, ప్రైమర్లలో, రబ్బరు సామానులో, బ్రేకు లైనింగుల్లో కూడా ఫిల్లర్‌గా వాడతారు. అంటే బండి ఒంటిమీద పూతలోనూ, ఆపే బ్రేకులోనూ ఈ రాయి ఉండొచ్చన్నమాట. భూమి పొరలు చూసి రాయి వయసు చెప్పినట్టే, పెయింట్ పొరలు చూసి బండి ఎన్ని వేషాలు మార్చిందో చెప్పొచ్చు. ఆ సంగతి ముందు ముందు చూద్దాం.

ప్రశ్నలు రెండు.. జవాబులు వేరు

పాత బండి గురించి తెలుసుకోవడం అంటే రెండు పనులు. మొదటిది, కంపెనీ గేటు దాటినప్పుడు బండి ఎలా ఉంది? ఇంజిన్, గేర్‌బాక్స్, రంగు, సీట్లు, లైట్లు.. వీటినే ఒరిజినల్ స్పెసిఫికేషన్ అంటారు. రెండోది, గేటు దాటాక దానికి ఏం జరిగింది? ఎవరు కొన్నారు, ఎందుకు వాడారు, ఏం మార్చారు? ఇది చరిత్ర.

ఈ రెండూ ఒకటి కాదు. తెలుగు నేల మీదే దీనికి రెండు మంచి ఉదాహరణలు ఉన్నాయి.

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. 1912 నాటి బండి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డర్ ఇచ్చారు. కానీ 1911లోనే ఆయన కన్నుమూశారు. ఆ రోజుల్లో రోల్స్ రాయిస్ కంపెనీ ఇంజిన్‌తో కూడిన చాసిస్ వరకే ఇచ్చేది. పైన బాడీ కట్టేది వేరే కంపెనీ. నిజాం కారుకి లండన్‌లోని బార్కర్ కంపెనీ బాడీ కట్టింది. వెనక సింహాసనం లాంటి సీటు ఉండటంతో దీన్ని థ్రోన్ కార్ అంటారు. దర్బారు సందర్భాలకే తప్ప పెద్దగా తిరగని బండి కాబట్టి, దాని చరిత్రంతా ఒరిజినల్ రూపంలోనే ఉంది.

ఇక రెండో బండి తెలుగువాళ్లందరికీ తెలిసిందే. ఎన్టీఆర్ చైతన్య రథం. 1982లో తెలుగుదేశం పెట్టాక ఆయన ఊరూరా తిరిగిన షెవర్లే వ్యాన్, నంబర్ ఏబీఆర్ 7776. స్టీరింగ్ పట్టింది కొడుకు హరికృష్ణ. ప్రచారం కోసం ఆ వ్యాన్‌ని చాలా మార్చారు. పైకి ఎక్కి మాట్లాడే ఏర్పాటు చేశారు. ఇప్పుడెవరైనా ఆ వ్యాన్‌ని షెవర్లే కంపెనీ నుంచి వచ్చినట్టే తయారు చేస్తామంటే ఏమవుతుంది? స్పెసిఫికేషన్ తిరిగొస్తుంది, చైతన్య రథం మాయమవుతుంది.

అందుకే మీ షెడ్డులో బండి విషయంలోనూ రెండు ప్రశ్నలూ విడివిడిగా వేసుకోవాలి. తాత చేయించిన మార్పు చెరిపేయాల్సిన తప్పా, దాచుకోవాల్సిన చరిత్రా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. ముందు ఏది ఏదో తెలియాలి.

మొదటి పని: నంబర్లు పట్టుకోవడం

పేరు మారొచ్చు, రంగు మారొచ్చు, నంబర్ ప్లేటు మారొచ్చు. బండికి పుట్టుమచ్చ లాంటిది చాసిస్ నంబర్. ఆర్సీలో ఉన్న నంబర్ ఒకరు చూసి రాసింది. చాసిస్ మీద ఉన్నది కంపెనీ కొట్టింది. రెండింటికీ తేడా వస్తే ముందు నమ్మాల్సింది ఇనుమునే.

పాత జీపుల్లో చూడాల్సిన చోట్లు ఇవి.

• డ్యాష్‌బోర్డు దగ్గర లేదా ఇంజిన్ గదిలో డ్రైవర్ ముందుండే రేకు గోడ మీద రివెట్లతో బిగించిన చిన్న ప్లేటు.

• ముందు బంపర్ దగ్గర, చాసిస్ పట్టీ లోపలివైపు.

• ఇంజిన్ నంబర్ కోసం ఇంజిన్ బ్లాక్ ముందుభాగం, వాటర్ పంపు పక్కన చదునుగా ఉన్న చోటు.

దశాబ్దాల దుమ్ము, గ్రీజు పేరుకుపోయి నంబర్ కనబడకపోవచ్చు. గ్రైండర్ అస్సలు పెట్టొద్దు. వైర్ బ్రష్‌తో గట్టిగా రుద్దొద్దు. కిరోసిన్‌లో తడిపిన గుడ్డ, పాత టూత్ బ్రష్ చాలు. తుడిచాక టార్చ్ లైట్‌ని పక్క నుంచి ఏటవాలుగా కొడితే అక్షరాల గుంతల్లో నీడ పడుతుంది. అప్పుడు ఫోన్‌లో ఫొటో తీయండి. ఆ తర్వాత పల్చని కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే నంబర్ అచ్చు పడుతుంది. ఆర్టీఓ ఆఫీసు పనుల్లో తీసుకునే పెన్సిల్ ప్రింట్ ఇదే.

అక్షరాలు వంకర టింకరగా ఉన్నాయా? చుట్టూ గ్రైండింగ్ గీతలు ఉన్నాయా? ఆ ముక్క చుట్టూ వెల్డింగ్ కనబడుతోందా? ప్లేటు పాతదై రివెట్లు మాత్రం కొత్తగా మెరుస్తున్నాయా? అయితే జాగ్రత్త. ఎవరో నంబర్‌తో ఆడుకున్నారని అనుమానించాలి. అలాంటి చోట మీరు మళ్లీ పంచ్ కొట్టించడం లాంటివి చేయొద్దు. అది మిమ్మల్ని కేసులో ఇరికించే పని. రవాణా శాఖకు చెప్పి వాళ్లు చూపిన దారిలో వెళ్లాలి. ఇనుము మీద చెరిపేసిన నంబర్‌ని రసాయనాలతో మళ్లీ చదివే పద్ధతి ఫోరెన్సిక్ ల్యాబుల్లో ఉంది.

ఏ జీపు ఏ కాలానిది? ముఖం చూసి చెప్పొచ్చు

అన్ని జీపులూ ఒకేలా కనిపిస్తాయి. కానీ కొంచెం నిదానంగా చూస్తే తేడాలు తెలుస్తాయి.

విల్లీస్ ఎంబీ: రెండో ప్రపంచ యుద్ధం కోసం 1941 నుంచి 1945 దాకా చేసిన మిలటరీ జీపు. ఇదే డిజైన్‌తో ఫోర్డ్ కంపెనీ జీపీడబ్ల్యూ పేరుతో చేసింది. రెండూ కలిపి దాదాపు 6.4 లక్షలు. రేకుతో అచ్చుకొట్టిన ముందు గ్రిల్‌లో తొమ్మిది నిలువు సందులుంటాయి. హెడ్‌లైట్లు చిన్నవి, గ్రిల్ వెనక లోపలికి ఉంటాయి. పెట్రోలు పోసే చోటు డ్రైవర్ సీటు కింద ఉంటుంది. వెనక తలుపు ఉండదు. ఇంజిన్ 2.2 లీటర్ల పెట్రోలు, సుమారు 60 హార్స్ పవర్. ఫోర్డ్ చేసినదైతే చాలా భాగాల మీద, బోల్టు తలల మీద కూడా ఎఫ్ అనే అక్షరం కొట్టి ఉంటుంది.

సీజే-2ఏ: యుద్ధం అయ్యాక రైతులకు, మామూలు జనానికి అమ్మిన మొదటి జీపు. 1945 నుంచి 1949 దాకా వచ్చింది. గ్రిల్‌లో సందులు ఏడు. హెడ్‌లైట్లు పెద్దవై బయటికి వచ్చాయి. వెనక తలుపు వచ్చింది. పెట్రోలు మూత పక్కకు మారింది. ముందు అద్దం మధ్యలో పట్టీతో రెండు ముక్కలుగా ఉంటుంది.

సీజే-3ఏ: 1949లో వచ్చింది. ముందు అద్దం ఒకటే ముక్క అయింది.

సీజే-3బీ: 1953లో వచ్చింది. మన దగ్గర ఎక్కువగా కనిపించే ముఖం ఇదే. కొత్త హరికేన్ ఇంజిన్ ఎత్తు పెరగడంతో బానెట్, గ్రిల్ రెండూ ఎత్తు పెంచారు. అందుకే ఛాతీ విరుచుకుని నిలబడ్డట్టు ఉంటుంది. ఇంజిన్ నాలుగు సిలిండర్లు, 2,199 సీసీ పెట్రోలు, సుమారు 70 హార్స్ పవర్. ముందు, వెనక చక్రాల మధ్య దూరం 80 అంగుళాలు. మూడు గేర్లు, పక్కన ఫోర్ వీల్ కోసం వేరే లివర్లు.

ఇండియాలో విల్లీస్ జీపుల్ని మహీంద్రా కంపెనీ 1940ల చివర్లో విడిభాగాలు తెప్పించి బిగించడంతో మొదలుపెట్టింది. మెల్లగా ఒక్కో భాగం ఇక్కడే చేయడం నేర్చుకుంది. అమెరికాలో సీజే-3బీ 1968లో ఆగిపోయినా, ఆ ముఖం మన రోడ్ల మీద ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు కొత్తగా దిగుతూనే ఉంది. కాబట్టి ముఖం చూసి ఇది 1955 మోడల్ అనేయడం తప్పు. ఎవరైనా ఇది యుద్ధంలో వాడిన విల్లీస్ అని రేటు పెంచితే, ముందు గ్రిల్ సందులు లెక్కపెట్టండి. తర్వాత పెట్రోలు మూత ఎక్కడుందో చూడండి. ఆ తర్వాత నంబర్ చూడండి.

ఇంజిన్ చెప్పే అసలు నిజం

ఒక భాగం పుట్టకముందు అది బండిలో ఉండదు. ఈ ఒక్క లెక్క పట్టుకుంటే చాలా చిక్కుముళ్లు విడిపోతాయి.

మన దగ్గర పాత పెట్రోలు జీపుల్లో చాలావాటికి తర్వాత డీజిల్ ఇంజిన్లు ఎక్కించారు. పెట్రోలు ఖర్చు భరించలేక చేసిన పని అది. మీ జీపు ఆర్సీలో 1960ల తేదీ ఉండి, లోపల ప్యూజో ఎక్స్‌డీపీ డీజిల్ ఇంజిన్ ఉందనుకోండి. ఆ ఇంజిన్ మహీంద్రా బండ్లలోకి వచ్చింది 1980లలో. అంటే అది మార్చిన ఇంజిన్ అని తేలిపోయింది.

అంబాసిడర్‌కీ ఇదే లెక్క. ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ 1957లో అంబాసిడర్ తెచ్చింది. పశ్చిమ బెంగాల్ ఉత్తరపాడా ఫ్యాక్టరీలో 2014 దాకా చేశారు. 1963లో మార్క్ టూ, 1975లో మార్క్ త్రీ, 1979లో మార్క్ ఫోర్ వచ్చాయి. డీజిల్ అంబాసిడర్ వచ్చింది 1980 ప్రాంతంలో. 1,800 సీసీ ఇసుజు పెట్రోలు ఇంజిన్ 1990లలో. కాబట్టి 1965 అంబాసిడర్‌లో డీజిల్ చప్పుడు వినబడితే అది పుట్టుకతో వచ్చిన గొంతు కాదు.

ఫియట్ అయితే 1964లో 1100 డిలైట్‌గా మొదలై, 1970లలో ప్రీమియర్ ప్రెసిడెంట్ అయి, ఆ తర్వాత పద్మిని అయింది. పేరు ప్లేటు చూసినా కాలం కొంత తెలుస్తుంది.

గేర్‌బాక్స్, యాక్సిల్ తొడుగుల మీద పోతలో వచ్చిన అక్షరాలు, అంకెలు ఉంటాయి. అద్దాల మూలన కంపెనీ గుర్తు ఉంటుంది. అన్నీ ఫొటో తీసి, ఆ మోడల్ పార్ట్స్ కేటలాగ్‌తో పోల్చి చూడాలి. కేటలాగ్ దొరికితే సగం పని అయినట్టే. పాత స్పేర్ పార్ట్స్ షాపుల్లో, పాత పుస్తకాల వాళ్ల దగ్గర అడిగి చూడండి. ఒక్క భాగం చూసి తీర్పు చెప్పొద్దు. నాలుగైదు భాగాలు ఒకే కాలాన్ని చూపిస్తేనే నమ్మాలి.

పెయింట్ పొరలు చదవడం ఎలా?

బండి అసలు రంగు తెలుసుకోవాలంటే పైనుంచి చూస్తే లాభం లేదు. డ్యాష్‌బోర్డు వెనక, సీటు కింద, ప్లేటు బిగించిన చోటి వెనక చూడాలి. రీపెయింట్ చేసేవాళ్ల గన్ అక్కడిదాకా వెళ్లదు.

అలాంటి మరుగు చోట రూపాయి బిళ్లంత మేర, సన్నని వాటర్ పేపర్‌ని నీళ్లలో తడిపి మెల్లగా రుద్దండి. వలయాల్లాగా ఒక్కో పొరా బయటపడుతుంది. పైన తెల్లరంగు, దాని కింద నీలం, ఇంకా కింద మిలటరీ ఆకుపచ్చ, చివర ప్రైమర్.. ఇలా వస్తే ఆ బండి ఒకప్పుడు సైన్యంలో పనిచేసి ఉండొచ్చని ఒక ఆధారం దొరికినట్టు. అదే రుజువు అని కాదు, వెతకాల్సిన దారి అది.

ఒక హెచ్చరిక. పాత పెయింట్లలో సీసం ఉంటుంది. పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిగానే రుద్దాలి, మాస్కు పెట్టుకోవాలి, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. బ్రేకు డ్రమ్ములు విప్పాక గాలి కొట్టి దుమ్ము లేపడం మహా ప్రమాదం. తడి గుడ్డతోనే తుడవాలి.

కాగితాల వేట: ఆర్సీ నుంచి ఆర్టీఐ దాకా

ఇప్పుడు కార్డులొచ్చాయి గానీ, పాత ఆర్సీ పుస్తకంగా ఉండేది. అందులో ఒక్కో పేజీ ఒక్కో కథ. మొదటి ఓనర్ పేరు, మొదటి రిజిస్ట్రేషన్ తేదీ, చేతులు మారిన ప్రతిసారీ పడిన ముద్ర, బ్యాంకు అప్పు, ఇంజిన్ మార్చితే దాని నమోదు.. అన్నీ ఉంటాయి.

నంబర్ ప్లేటు కూడా ఒక ఆధారమే. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా కడప, కర్నూలు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. మద్రాసు రిజిస్ట్రేషన్లు ఎం అక్షరంతో మొదలయ్యేవి. తర్వాత ఆంధ్ర నంబర్లు ఏ అక్షరంతో వచ్చాయి. చైతన్య రథం నంబర్ అలాంటిదే. మోటారు వాహనాల కొత్త చట్టం 1989 జులై 1న అమల్లోకి వచ్చాక ఏపీ పక్కన జిల్లా అంకె వచ్చింది. కడపకు ఏపీ 04, కర్నూలుకు ఏపీ 21. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ మొదలైంది.

అంటే నంబర్ చూస్తే బండి ఎక్కడ, ఏ కాలంలో రిజిస్టర్ అయిందో ఒక అంచనా వస్తుంది. కానీ రిజిస్ట్రేషన్ సంవత్సరం వేరు, తయారీ సంవత్సరం వేరు. సైన్యం వాడి వదిలేసిన జీపుల్ని వేలం వేసేవారు. 1944లో తయారైన జీపు 1972లో వేలంలో కొన్నాకే మామూలు నంబర్ తెచ్చుకుని ఉండొచ్చు. వేలం కాగితం దొరికితే దాన్ని బంగారంలా దాచండి. మిలటరీ నంబర్‌లో పైకి చూసే బాణం గుర్తు ఉంటుంది. పాత పొరల్లో అది కనబడితే ఫొటో తీసి పెట్టుకోండి.

ఆర్సీ పోయిందా? మొదట రిజిస్టర్ అయిన రవాణా ఆఫీసులో పాత రిజిస్టర్లు అడగాలి. ఆన్‌లైన్ వాహన్‌లో కనబడలేదంటే బండికి రికార్డు లేదని కాదు. పాత పుస్తకం నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించి ఉండకపోవచ్చు. డూప్లికేట్ ఆర్సీకి ఫారం 26, చనిపోయిన ఓనర్ పేరు నుంచి వారసుల పేరుకి మార్చడానికి ఫారం 31. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో అర్జీ పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మీ బండి రికార్డు కాపీ కావాలని సూటిగా, ఒక్క విషయమే అడగండి. వేరేవాళ్ల వ్యక్తిగత వివరాలు అడిగితే తిరస్కరించే వీలుంది.

విదేశాల నుంచి వచ్చిన బండైతే ఇంకో దారి ఉంది. మోరిస్, ఆస్టిన్ లాంటి ఇంగ్లండ్ కార్లకు అక్కడి గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం హెరిటేజ్ సర్టిఫికెట్ ఇస్తుంది. చాసిస్ నంబర్ చెబితే, రికార్డు ఉన్న బండ్లకు తయారైన తేదీ, రంగు, ఇంజిన్ నంబర్ లాంటివి రాసిస్తారు. ఫీజు ఉంటుంది. రోల్స్ రాయిస్ పాత చాసిస్ కార్డులు ఇంగ్లండ్‌లోని రోల్స్ రాయిస్ ఎంథూసియాస్ట్స్ క్లబ్ దగ్గర ఉన్నాయి.

మనుషుల్ని అడగండి.. కాలం ఆగదు

చాసిస్ నంబర్ ఇంకో యాభై ఏళ్లయినా అక్కడే ఉంటుంది. ఆ బండి నడిపిన డ్రైవర్ ఉండడు. అందుకే అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇదే. పాత డ్రైవర్లని, మెకానిక్కుల్ని, ఇంట్లో పెద్దవాళ్లని కూర్చోబెట్టి అడగండి. ఫోన్‌లో రికార్డు చేయండి. ఎవరి దగ్గర కొన్నారు? అప్పుడు ఏ రంగు? ఇంజిన్ ఎవరు మార్చారు? ఏ ఊళ్లో? గనుల్లో తిరిగిందా, ఎన్నికల్లో తిరిగిందా?

గోడకున్న పెళ్లి ఫొటోలు చూడండి. ఊరేగింపులో వెనక జీపు ఉంటే దాని నంబర్ ప్లేటు, లైట్లు, టాప్ అన్నీ కనబడతాయి. ఫొటో వెనక తేదీ ఉంటే ఇంకేం కావాలి? ఇన్సూరెన్స్ కాగితాలు, పన్ను కట్టిన రసీదులు, షెడ్డు బిల్లులు.. ట్రంకు పెట్టె అడుగున ఏ కాగితం ఉన్నా పారేయొద్దు.

అయితే ఒక్కమాట. మనుషుల జ్ఞాపకం పొరబడుతుంది. ఫలానా పెద్దమనిషి తిరిగిన జీపు అనే కథ దాదాపు ప్రతి బండికీ ఉంటుంది. ఆ మాటకు ఆర్సీలోనో, ఫొటోలోనో ఆధారం దొరికితేనే చరిత్ర. లేకపోతే అది విన్నమాట అని రాసి పెట్టుకోవాలి, అంతే.

యాభై ఏళ్లు దాటితే.. రూల్స్ ఏం చెబుతున్నాయి?

ఇదంతా సరదా కోసమే కాదు. డబ్బుతోనూ, చట్టంతోనూ ముడిపడిన విషయం. కేంద్రం 2021 జులైలో వింటేజ్ వాహనాల రిజిస్ట్రేషన్‌కి ప్రత్యేక రూల్స్ తెచ్చింది. వాటిలో ముఖ్యమైనవి ఇవి.

• మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి 50 ఏళ్లు దాటిన టూవీలర్లు, ఫోర్ వీలర్లకు వర్తిస్తుంది.

• బండి ఒరిజినల్ రూపంలో ఉండాలి. చాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు.

• కొత్తగా రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, ఆ తర్వాత రీ-రిజిస్ట్రేషన్‌కి 5,000 రూపాయలు. చెల్లుబాటు 10 ఏళ్లు.

• ఇప్పటికే నంబర్ ఉన్న బండి పాత నంబరే ఉంచుకోవచ్చు. కొత్త నంబర్ అయితే మధ్యలో వీఏ అక్షరాలు వస్తాయి.

• ప్రదర్శనలు, వింటేజ్ ర్యాలీలు, రిపేరు, ఇంధనం నింపుకోవడం లాంటివాటికే రోడ్డెక్కాలి. రోజువారీ తిరగడానికి, బాడుగకు పనికిరాదు.

• అమ్మితే కొన్నవాళ్లు, అమ్మినవాళ్లు 90 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి.

రెండో పాయింట్ మళ్లీ ఒకసారి చదవండి. ఒరిజినల్ రూపం ఏంటో తెలియకుండా, ఆ రూపంలో ఉందని ఎలా చూపిస్తారు? డీజిల్ ఇంజిన్ ఎక్కించిన పెట్రోలు జీపుకి ఇక్కడే చిక్కు. అందుకే పాత ఇంజిన్ ఎక్కడైనా మూలన పడి ఉంటే, అది పాడైపోయినా సరే, అమ్మొద్దు.

వింటేజ్ కింద వద్దు, రోజూ వాడుకుంటామంటే మామూలు రెన్యువల్ ఉంది. సొంత బండ్లకు 15 ఏళ్లు దాటాక ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి చేయించుకోవాలి. 2025 ఆగస్టు నోటిఫికేషన్ ప్రకారం 20 ఏళ్లు దాటిన లైట్ మోటార్ వాహనాలకు ఆ ఫీజు 10,000 రూపాయలు.

ప్రభుత్వ బండ్ల సంగతి వేరు. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ శాఖల, ప్రభుత్వ సంస్థల వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి చెల్లదు, స్క్రాప్‌కి వెళ్లాల్సిందే. అంటే ఆఫీసుల వెనక మిగిలిన పాత జీపుల చరిత్ర చదవడానికి టైం చాలా తక్కువ. బండిని కాపాడలేకపోయినా నంబర్లు, ఫొటోలు, లాగ్ బుక్కులు దాచొచ్చు.

బాగుచేయాలా, అలాగే ఉంచాలా?

పాత వాహనాల ప్రపంచ సమాఖ్య ఫివా 1966 నుంచి ఉంది. 30 ఏళ్లు దాటి, రోజువారీ రవాణాకు వాడని, చారిత్రకంగా సరైన స్థితిలో ఉన్న బండిని అది చారిత్రక వాహనంగా చూస్తుంది. ట్యూరిన్ చార్టర్ పేరుతో ఈ సమాఖ్య పెట్టుకున్న సూత్రాల సారం ఇదే. ఉన్నదాన్ని కాపాడటం మొదటి మాట, కొత్తగా మార్చడం చివరి మాట. ఏం మార్చినా రాసి పెట్టాలి.

తుప్పు పాకకుండా ఆపడం, నీడకి చేర్చడం, నూనె పట్టించడం.. వీటితో చరిత్ర పోదు. నంబర్ ఉన్న చాసిస్ ముక్క కోయడం, ప్లేటు పీకి పాలిష్ పెట్టడం, పాత పెయింటంతా గీకేయడం.. వీటితో పోయింది మళ్లీ రాదు. స్క్రాపింగ్ సెంటర్‌కి అప్పగించిన బండి రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. ఆ తర్వాత మనసు మార్చుకున్నా లాభం లేదు.

అన్ని పాత జీపులూ లక్షలు పలకవు. చాలావాటికి మిగిలేది ఇంటి జ్ఞాపకమే. అయినా అది ఏ బండో తెలిశాక అమ్మడం వేరు, తెలియక ఇనుము కింద తూకం వేయడం వేరు. అమ్మినా కూడా ఆధారాలతో కూడిన ఫైలు పక్కన పెట్టి అమ్మితే కొనేవాడికి నమ్మకం, అమ్మేవాడికి న్యాయమైన రేటు.

ఈ వారంలో చేయాల్సిన ఐదు పనులు

1. బండిని కదపకముందే నాలుగు పక్కలా, లోపల, కింద ఫొటోలు తీయండి.

2. చాసిస్, ఇంజిన్ నంబర్లు తుడిచి ఫొటో, పెన్సిల్ ప్రింట్ తీసుకోండి. ఆర్సీతో పోల్చండి.

3. ఇంట్లో ఉన్న ప్రతి కాగితం, ప్రతి పాత ఫొటో ఒక ఫైల్లో పెట్టండి.

4. బండి గురించి తెలిసిన పెద్దవాళ్ల మాటలు రికార్డు చేయండి.

5. ఇవి పూర్తయ్యేదాకా వెల్డింగ్ వాళ్లనీ, పాత ఇనుము వాళ్లనీ ఆగమని చెప్పండి.

వీటికి పెద్దగా ఖర్చు లేదు. ఒక ఫోన్, ఒక పెన్సిల్, కాస్త కిరోసిన్ చాలు.